నాటకమేస్తే చదువు చట్టుబండలేనా?

"మా వాడికి నాటకాలొద్దు సార్, వచ్చే ఏడు టెన్త్." సైన్స్ డ్రామా పోటీకి ఎనిమిది మంది పిల్లల్ని ఎంపిక చేసుకున్న జిల్లా పరిషత్ హైస్కూల్ మాస్టారికి మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర ఎదురయ్యే మాట ఇది. కార్పొరేట్ బడిలో ఈ మాట వినపడదు. అక్కడ ఎంపికే జరగదు కనుక వద్దనాల్సిన అవసరం రాదు. పట్నమైనా పల్లెయినా, ఫీజు లక్షయినా సున్నా అయినా, ఈ ఒక్క విషయంలో తెలుగు తల్లిదండ్రుల మాట ఒకటే: నాటకాల వెంట తిరిగితే చదువు చట్టుబండలవుతుంది. భాష కూడా వాళ్లకే వత్తాసు పలుకుతున్నట్టుంటుంది. అబద్ధమాడే పిల్లవాణ్ణి "నాటకాలాడకు" అంటారు. పని ఎగ్గొట్టేవాణ్ణి "ఏం, నాటకాలేస్తున్నావా?" అని గద్దిస్తారు.

ఈ అభిప్రాయాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేయడం అన్యాయం. దాని వెనక బతుకు లెక్క ఉంది. రెండెకరాల కౌలు రైతుకూ, ఆటో నడిపే తండ్రికీ కుటుంబం ఒక మెట్టు పైకెక్కడానికి కనిపిస్తున్న నిచ్చెన చదువొక్కటే. ఆ నిచ్చెనకు పదో తరగతి మొదటి మెట్టు, ఇంటర్ రెండోది, ఈఏపీసెట్టో జేఈఈయో మూడోది. ఏ మెట్టు మీద కాలు జారినా ఆదుకునేవాళ్లుండరు. కాబట్టి వాళ్ల వాదన ఇలా సాగుతుంది: రిహార్సళ్లు చదువుకునే సమయాన్ని మింగేస్తాయి. నాటకాల్లో తిరిగినవాడు బాగుపడడు. అందులో నేర్చుకున్నది మార్కుల్లోకి రాదు. సినిమా పిచ్చి పడుతుంది. ఆడపిల్లకైతే అసలే వద్దు. పైగా నేర్పేవాళ్లు లేరు. ఆరు అభ్యంతరాలూ వినడానికి సబబుగానే ఉంటాయి. ఒక్కొక్కటే పట్టి చూస్తే ఒక్కటీ నిలవదు.

1. "టైమ్ వేస్ట్"

ముందు గంటల లెక్క చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు, కనీసం 1000 బోధన గంటలు ఉండాలి. నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సైన్స్ మ్యూజియమ్స్ జరిపే సైన్స్ డ్రామా పోటీలో ఒక నాటికకు ఇచ్చే సమయం అరగంట. దానికి ఆరు వారాల పాటు, వారానికి ఐదు రోజులు, రోజుకో గంట రిహార్సల్ వేసినా మొత్తం 30 గంటలు. అంటే వెయ్యిలో ముప్పై, నూటికి మూడు. ఆ మూడు పాళ్లు పోతే కూలిపోయే చదువైతే, మిగిలిన తొంభై ఏడు పాళ్లలో బడి ఏం చేస్తున్నట్టు?

ఈ అభ్యంతరంలో అసలు లొసుగు లెక్కలో లేదు, దాని అడుగున ఉన్న ఊహలో ఉంది. రిహార్సల్ నుంచి మిగిల్చిన గంట నేరుగా పుస్తకంలోకి వెళ్తుందన్నది ఆ ఊహ. సాయంత్రం ఐదింటికి పద్నాలుగేళ్ల పిల్లవాడి గంట ఎటు పోతుందో ఇంట్లో ఫోన్ ఉన్న ప్రతి తల్లికీ తెలుసు. నాటకాన్ని చదువుతో పోల్చి తూచడమే ఇక్కడ జరిగిన తప్పు. తూచాల్సింది రీల్స్‌తో.

పరీక్షల భయం కూడా ఇక్కడ అతకదు. ఈ పోటీలు సాధారణంగా విద్యా సంవత్సరం మొదటి సగంలోనే మొదలవుతాయి. పబ్లిక్ పరీక్షలు మార్చిలో. ఆగస్టులో రిహార్సల్ చేసిన పిల్లవాడు మార్చిలో తప్పితే, ఆ పాపం నాటకం నెత్తిన రుద్దడానికి ముందు మధ్యలో గడిచిన నెలల సంగతి చెప్పాలి.

2. "నాటకాల్లో తిరిగినవాడు బాగుపడడు"

చరిత్ర తెలియకపోవడం వల్ల పుట్టిన మాట ఇది. ఆధునిక తెలుగు నాటకం బడి బయట పుట్టి బడిలోకి చొరబడలేదు. అది బడి పిల్లలతోనే పుట్టింది. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 'వ్యవహార ధర్మబోధిని'ని ప్రదర్శించినప్పుడు ఆయన వృత్తి ఉపాధ్యాయత్వం, ఆయన నటులు విద్యార్థులు. కోర్టుల్లో వకీళ్లు, గుమాస్తాలు చేసే అక్రమాలను ఎండగట్టిన ప్రహసనం అది. చదువు చెప్పే పంతులే పిల్లలకు వేషం కట్టించాడు. చదువు పాడుచేసే ఉద్దేశం ఆయనకుందని అప్పటి ఛాందసులు కూడా అనలేదు.

టంగుటూరి ప్రకాశం సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఒంగోలులో తండ్రిని పోగొట్టుకున్న బీద కుర్రాడాయన. మిషన్ స్కూలు మాస్టారు ఇమ్మనేని హనుమంతరావు నాయుడికి నాటకాల పిచ్చి ఉండేది. ప్రకాశాన్ని రంగస్థలం ఎక్కించింది ఆయనే. రాజమండ్రి తీసుకెళ్లి పైచదువుల్లో పెట్టిందీ ఆయనే. చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకాల్లో ప్రకాశం ఆడవేషాలు కట్టారు. ఆనాటి అల్లరిని ఆత్మకథ 'నా జీవిత యాత్ర'లో దాచుకోకుండా రాసుకున్నారు. ఆ కుర్రాడు తర్వాత ఇంగ్లండులో బారిస్టర్ చదివారు, 1946లో మద్రాసు ప్రధానమంత్రి (ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి) అయ్యారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఇక్కడ నాటకం ఒక చేయి, చదువు ఇంకో చేయి. రెండూ ఒకే మాస్టారివి.

ఎన్.టి. రామారావు విజయవాడ కాలేజీలో మీసం తీయనని మొండికేసి ఆడవేషం కట్టి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్న కథ అందరికీ తెలుసు. ఆ నాటకాల కుర్రాడే బి.ఏ. పూర్తిచేసి, మద్రాసు సర్వీసు కమిషన్ పరీక్ష నెగ్గి, సబ్‌రిజిస్ట్రార్ ఉద్యోగం సంపాదించాడన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు. బళ్లారి రాఘవ పగలు కోర్టులో పేరుమోసిన వకీలు, రాత్రి రంగస్థలం మీద మహానటుడు.

అయితే నలుగురు గొప్పవాళ్లను చూపించి గెలిచామనుకోవడం కూడా తప్పే. "మా పక్కింటాయన కొడుకు నాటకాల్లో తిరిగి పాడైపోయాడు" అనే వాదన ఎంత బలహీనమో, "ప్రకాశం పంతులు పైకొచ్చారుగా" అనే వాదనా అంతే. వేషం కట్టి పైకొచ్చినవాళ్లూ ఉన్నారు, రానివాళ్లూ ఉన్నారు. వేషం కట్టకుండానే పదో తరగతి తప్పినవాళ్లూ ఏటా వేలల్లో ఉన్నారు. అక్కినేని నాగేశ్వరరావు చదువు ప్రాథమిక దశలోనే ఆగిపోయిందని కొందరు ఎత్తిచూపుతారు. తనకు దక్కని చదువు విలువ ఎరిగిన ఆ మనిషి పేరు మీదే గుడివాడలో కాలేజీ నడుస్తోందన్నది మర్చిపోతారు. కాబట్టి ఈ ఉదాహరణల వల్ల తేలేది ఒక్కటే: నాటకానికీ చదువుకూ పుట్టుకతో వైరం ఉందనడం అబద్ధం.

బోయి భీమన్న 'పాలేరు' నాటకం సంగతి ఇంకో అడుగు ముందుకెళ్తుంది. పాలేరుతనంలో మగ్గాల్సిన దళిత కుర్రాడు చదువుకుని అధికారి కావడం దాని ఇతివృత్తం. ఆ నాటకం చూశాక ఎందరో తల్లిదండ్రులు పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపారు. చదువు చెడగొడుతుందని పేరుపడ్డ నాటకమే పశువుల కొట్టం నుంచి బడికి పిల్లల్ని నడిపించింది.

3. "మార్కుల్లోకి రాదు"

ఇది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. నాటకాభిమానులు దీనికి చెప్పే సమాధానం చాలాసార్లు అతిగా ఉంటుంది. నాటకమేస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయనీ, తెలివి రెట్టింపవుతుందనీ ఊదరగొట్టేవాళ్లున్నారు. అలాంటి గట్టి రుజువేదీ లేదు. ఉన్న రుజువు చిన్నది, కానీ నికరమైనది.

అమెరికాలో ఆన్ పొడ్లోజ్నీ అనే పరిశోధకురాలు తరగతి గది నాటకం మీద జరిగిన 80 అధ్యయనాలను గుదిగుచ్చి 2000లో ఫలితాలు ప్రకటించింది. కథను చదివి ఊరుకున్న పిల్లలకన్నా ఆడి చూపిన పిల్లలు దాన్ని బాగా అర్థం చేసుకున్నారు, బాగా గుర్తుపెట్టుకున్నారు. ఆ మేలు ఆడిన కథతో ఆగలేదు, ఆడని కొత్త పాఠాలకూ పాకింది. కళలన్నిటికీ చదువుతో ఉన్న సంబంధాన్ని నిర్దాక్షిణ్యంగా జల్లెడ పట్టిన ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్‌ల సమీక్షలో చాలా దావాలు వీగిపోయాయి. నాటకానికీ భాషకూ ఉన్న లంకె మాత్రం నిలిచింది. 2012లో తాలియా గోల్డ్‌స్టీన్, విన్నర్ మరో సంగతి చూపించారు. ఏడాది పాటు నటన నేర్చుకున్న హైస్కూలు పిల్లల్లో ఎదుటివాడి మనసును గ్రహించే నేర్పు, సంగీతమో చిత్రలేఖనమో నేర్చుకున్న తోటివాళ్లకన్నా ఎక్కువగా పెరిగింది.

"తెలివైన పిల్లలే నాటకాల్లో చేరతారేమో, అది నాటకం గొప్పేముంది?" అని గడుసు పాఠకుడు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆర్కాన్సా విశ్వవిద్యాలయం పరిశోధకులు అందుకే లాటరీ వేశారు. చీటీలో పేరొచ్చిన పిల్లల్ని 'హామ్లెట్'కో 'ఎ క్రిస్మస్ కారల్'కో తీసుకెళ్లారు. చీటీ తగిలినవాళ్లకు ఆ నాటకాల కథ, పదజాలం మిగతావాళ్లకన్నా మెరుగ్గా వచ్చాయి. చూస్తేనే అంత పట్టుబడేది, నెల్లాళ్లు నోట నానబెట్టి ఆడినవాడికి ఎంత పట్టుబడాలి?

తెలుగు నేల మీద దీనికి పాత సాక్ష్యమే ఉంది. తిరుపతి వెంకట కవుల రాయబారం పద్యాలు, బలిజేపల్లి వారి హరిశ్చంద్ర పద్యాలు గోదావరి, కృష్ణా, గుంటూరు పల్లెల్లో సంతకం కూడా రాని రైతుల నోళ్లలో ఆడాయి. ఆ పద్యాలను ఏ బడీ వాళ్లకు బట్టీ పట్టించలేదు. పందిట్లో తెల్లవార్లూ కూర్చుని చూసిన నాటకం నేర్పింది. ఇవాళ పదో తరగతి పిల్లవాడు పద్యం కింద ప్రతిపదార్థం గైడు చూసి వల్లిస్తాడు. ఏప్రిల్ వచ్చేసరికి పద్యమూ ఉండదు, అర్థమూ ఉండదు.

ఇక మార్కుల సంగతే చూద్దాం. తెలుగు రాష్ట్రాల పదో తరగతి తెలుగు పేపర్లో సృజనాత్మకత కింద సంభాషణ రాయమని అడుగుతారు, ఏకపాత్రాభినయం రాయమని కూడా అడుగుతారు. ఇంగ్లిష్ పేపర్లో ఇద్దరి మధ్య మాటలు ఊహించి రాయమంటారు. ఏడాదంతా నాటకానికి దూరంగా ఉంచిన పిల్లవాడు పరీక్ష హాల్లో కూర్చుని నాటకం రాయాలి. గైడులో ఉన్న సంభాషణ వస్తే గట్టెక్కుతాడు, రాకపోతే వదిలేస్తాడు. నాటకం మార్కుల్లోకి రాదన్నవాళ్లు ప్రశ్నపత్రం చదవలేదనుకోవాలి.

నాటకంవాళ్లు తమ పాత్రకు వచ్చిన మాటలను 'పోర్షన్' అంటారు. బడివాళ్లు సిలబస్‌నూ పోర్షనే అంటారు. తేడా ఎక్కడంటే, నాటకంలో తన పోర్షన్ ఒక్కటే బట్టీ పట్టినవాడు నిలబడలేడు. ఎదుటివాడి మాట చెవిన పడితేనే తన మాట నోట రావాలి.

4. "సినిమా పిచ్చి పడుతుంది"

ఈ మాట అనే తల్లిదండ్రులే జనవరి, ఫిబ్రవరి నెలల్లో బడి యాన్యువల్ డేకి ముందు వరుసలో కూర్చుంటారు. అద్దెకు తెచ్చిన తళుకు బట్టల్లో ఏడో తరగతి పిల్లలు కొత్త సినిమా పాటకు స్టెప్పులేస్తుంటే ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తారు. ఆ డ్యాన్సుకు డబ్బు కట్టారు, వారాల తరబడి ప్రాక్టీసుకు పంపారు. అప్పుడు టైమ్ వేస్ట్ కాలేదు, సినిమా పిచ్చీ గుర్తు రాలేదు. ఆ వేదిక మీద పిల్లవాడి కాళ్లు కదులుతాయి గానీ నోరు కదలదు. మాట్లాడేది స్పీకరు బాక్సు.

సినిమా పిచ్చికి విరుగుడు ఏదైనా ఉంటే అది బడి నాటకమే. ఏడుపు సీను పండాలంటే ఎన్నిసార్లు నవ్వొచ్చి చెడుతుందో, తెర లాగేవాడు రెండు క్షణాలు ఆలస్యమైతే సీనంతా ఎలా అభాసవుతుందో, ప్రాంప్టింగ్ చెప్పేవాడి మీద హీరో పరువు ఎంత ఆధారపడి ఉందో లోపలి నుంచి చూసిన పిల్లవాడికి తెర మీది మాయ ఎలా కడతారో తెలిసిపోతుంది. కటౌట్‌కు పాలాభిషేకం చేసే కుర్రాళ్లను తయారుచేసింది బడి నాటకం కాదు. బడి నాటకాలు అటకెక్కిన కాలంలోనే ఆ పాలాభిషేకం ఊరూరా జాతరైంది.

5. "ఆడపిల్లకెందుకు?"

రాత్రిళ్లు రిహార్సళ్లు, పొరుగూరి ప్రయాణాలు, మగపిల్లలతో కలిసి తిరగడం: ఈ భయాలు నిజమైనవే. కానీ అవి రాత్రి రిహార్సల్ మీద అభ్యంతరాలు, నాటకం మీద కావు. బడి వేళల్లో, టీచరమ్మ ఎదుట, బడి ఆవరణలో సాధన చేస్తే వాటిలో ఒక్కటీ మిగలదు. ఇదే అమ్మాయిని తెల్లవారుజామున ట్యూషన్‌కూ చీకటిపడ్డాక స్టడీ అవర్‌కూ పంపే ఇంట్లో, మధ్యాహ్నం మూడింటి రిహార్సల్ మాత్రం ప్రమాదకరమైపోవడం వింత.

ఆడవేషాలు ఆడవాళ్లే కట్టాలని బళ్లారి రాఘవ పట్టుబట్టి, విద్యావంతులైన స్త్రీలను తన సరసన రంగస్థలం మీదికి తెచ్చి దగ్గర దగ్గర వందేళ్లవుతోంది. ఆయన కాలంలో తెగిన తగువును హైస్కూలు గేటు దగ్గర తిరగదోడక్కర్లేదు. పదిమంది ముందు గొంతెత్తి "వద్దు" అనే మాట పలకడం సాధన చేసిన పిల్ల, రేపు తొందరపడి పెట్టిన పెళ్లి ముహూర్తం ముందు ఆ మాట అనగలదేమో. బహుశా కొందరి అసలు భయం ఇదే.

6. "నేర్పేవాళ్లేరి?"

టీచర్ల మీద భారం అబద్ధం కాదు. యాప్‌లలో హాజరు, ఫోటోలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఎన్నికల పని అన్నీ వాళ్ల నెత్తినే ఉన్నాయి. డ్రామా మాస్టారు అనే పోస్టు హైస్కూల్లో లేదు. కానీ కందుకూరి వారిది కూడా డ్రామా మాస్టారు పోస్టు కాదు.

చట్టం కూడా చేతులు కట్టుకుని లేదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వందమందికి పైగా పిల్లలున్న బడిలో కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లోనే ఉంది. పిల్లలకు భయం పోవాలని, అభిప్రాయం స్వేచ్ఛగా చెప్పగలగాలని అదే చట్టం 29వ సెక్షన్ అంటుంది. పదో తరగతి వరకు సంగీతం, నృత్యం, చిత్రలేఖనం, నాటకం పాఠ్యాంశాలుగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. చదువుకూ కళకూ మధ్య గోడ వద్దని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు చదివి పట్టా పుచ్చుకుని పని కోసం చూస్తున్నవాళ్లున్నారు. బోధకుడు లేని బడి ఒకవైపు, బడి దొరకని బోధకుడు మరోవైపు. మధ్యలో ఉండాల్సింది ఒక నియామకపు ఉత్తర్వు.

అంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి మరొకటుంది. తెలంగాణ పదో తరగతి మెమోలో ఆర్ట్ అండ్ కల్చరల్ ఎడ్యుకేషన్‌కు గ్రేడు అచ్చవుతుంది. ఒక్క నాటికైనా ఆడని బడిలో ఆ గ్రేడు ఎక్కడి నుంచి వస్తోంది? పిల్లలు నాటకాలాడితే చెడిపోతారని వాపోయే పెద్దలు, బడి ఆ గడిలో ఆడుతున్న నాటకాన్ని మాత్రం కిమ్మనకుండా చూస్తున్నారు.

లెక్క ఎక్కడ తేలుతుంది?

పద్నాలుగేళ్ల వయసులో 30 గంటలు మిగిల్చిన కుటుంబం ఇరవై ఒకటో ఏట ఆ బాకీ వడ్డీతో కడుతోంది. ఇంజనీరింగ్ పట్టా చేతిలో ఉండి కూడా "నీ గురించి చెప్పు" అంటే నోరు పెగలని కుర్రాళ్ల కోసం హైదరాబాద్ అమీర్‌పేట గోడలన్నీ స్పోకెన్ ఇంగ్లిష్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ బోర్డులతో నిండిపోయాయి. గొంతు సవరించుకోవడం, ఎదుటివాడి కళ్లలోకి చూడటం, తన వంతు వచ్చేదాకా ఆగడం, మాట తప్పినా నిభాయించుకుని ముందుకెళ్లడం: అక్కడ ఫీజు కట్టి నేర్చుకునేది ఇదే. ఎనిమిదో తరగతి నాటిక ఇవన్నీ ఉచితంగా నేర్పేది. పైగా అక్కడ తప్పినా ఉద్యోగం పోదు, చప్పట్లు కొంచెం తగ్గుతాయంతే.

కాబట్టి చేయాల్సింది పెద్దదేమీ కాదు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు వారానికి రెండు పీరియడ్లు, బడి వేళల్లోనే. అర్ధ సంవత్సరానికి ఒక నాటిక, దాన్ని పిల్లలే రాయాలి. వేదిక ఎక్కని పిల్లలకు తెర, ఆహార్యం, మేకప్, ప్రాంప్టింగ్, నేపథ్యం పనులు. నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సైన్స్ మ్యూజియమ్స్ సైన్స్ డ్రామా పోటీకి ఏటా ఒక జట్టు. యాన్యువల్ డేలో సినిమా పాటల గంట తగ్గించి నాటికకు చోటు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త నిధీ అక్కర్లేదు.

ఏటా ఏప్రిల్ 16న కందుకూరి జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవమని జరుపుకుంటారు. ఆయన ఫోటోకు దండ వేసే హెడ్మాస్టర్లు, డీఈవోలు ఒక్క పని చేస్తే చాలు. జూన్‌లో బడి తెరిచి టైమ్‌టేబుల్ గీసేటప్పుడు నాటకానికి రెండు గడులు రాయండి. ఆగస్టు వచ్చేసరికి ఆ రెండు గడుల్లోకి లెక్కల పీరియడ్‌ను రానివ్వకండి.